శంఖాలరేవులో స్థిరనివాసి

శంఖాలరేవులో ఎందరు మనుషులున్నారో మునిసిపాలిటీకి తెలియకపోవచ్చు గాని పొట్నూరి వరహాలశెట్టికి తెలుసు. రైల్వే స్టేషనుకి ఎదురుగా ఉన్న సైకిల్ స్టాండు అతనిది. పొద్దున్న ఏడుంపావు పాసింజరుకి పట్నం పోయేవాళ్లు సైకిళ్లు, స్కూటర్లు అతని దగ్గర వదిలి రేకు టోకెను పట్టుకుపోతారు. సాయంత్రం ఆరున్నర బండికి దిగి, టోకెను ఇచ్చేసి, ఎవరి వాహనం వాళ్లు తీసుకుపోతారు. గోడకి కొట్టిన మేకుల మీద ఏ టోకెను మిగిలిపోయిందో చూస్తే చాలు, ఆ వేళ ఊళ్లో ఎవరికి జ్వరమో, ఎవరింట్లో చుట్టాలు దిగారో, ఎవరి ఉద్యోగం ఊడిందో అతనికి అర్థమైపోతుంది.

మొత్తం ఆరువందల నలభైమూడు బళ్లు. స్కూటరుకి ఇద్దరు, సైకిలుకి ఒకరు, నడిచొచ్చేవాళ్లు వేరే. రెండు వేల పైచిలుకు జనం రోజూ పట్నం పోయి వస్తారు. వాళ్లు పోయాక, అంటే ఏడున్నర దాటాక, శంఖాలరేవులో మిగిలేవి ఇసకలో ఎండుతున్న చేపలు, వాటికి కాపలా ఉన్న ముసలమ్మలు, ఆ ముసలమ్మలు కునికే దాకా ఓపిగ్గా కూర్చునే కాకులు.

రైలు ఆగితేనే స్టాండు. స్టాండు ఉంటేనే వరహాలశెట్టి. ముప్పై ఏళ్లుగా అతని బతుకు లెక్క ఇంతే. ఆ లెక్కలో తప్పు దొర్లుతుందని అతనెప్పుడూ అనుకోలేదు.

ఆ ఏడాది ఆవాస నిర్ధారణ సంస్థ అని ఒకటి పుట్టింది. మనుషులు లేని ఊళ్లు కూడా ఉన్నామని చెప్పుకుని వీధి దీపాలు, కుళాయిలు, రైలు స్టాపులు అనుభవిస్తున్నాయని దానికి అనుమానం వచ్చింది. అనుమానం తీర్చుకోవడానికి ఒక ఉత్తర్వు వేసింది. ఆ కాగితం స్టేషను గోడ మీద అంటించారు. వరహాలశెట్టి కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు.

"నివసించుట అనగా పనిదినములలో, పనివేళలలో, సదరు వ్యక్తి సదరు నివాసమందు మేల్కొని కనబడుట. ఏడు పనిదినముల తనిఖీలో వెయ్యిమందికి తక్కువగా కనబడిన ఊరిని నిర్జన తీరప్రాంతముగా ప్రకటించి, రైలు నిలుపుదలతో సహా సకల సౌకర్యములు ఉపసంహరించబడును."

తనిఖీకి వచ్చిన ప్రత్యేకాధికారి నీలాద్రిరావు గారు. ఆయన కొత్తవారేమీ కాదు. శంఖాలరేవు వాస్తవ్యులే. గవ్వల వీధిలో మేడ. వరహాలశెట్టి లెక్కలో ఆయన నూట పద్నాలుగు, ఆకుపచ్చ స్కూటరు, అద్దం ఒకటి విరిగింది. భార్య సువర్చల గారు పట్నంలో బ్యాంకు ఉద్యోగి. ఇద్దరూ ఒకే స్కూటరు మీద వచ్చి ఏడుంపావు బండి ఎక్కుతారు.

ఆ రోజు కూడా అలాగే ఎక్కారు. నీలాద్రిరావు గారు పట్నం వెళ్లి, ఆఫీసు యంత్రం మీద వేలిముద్ర వేసి, జీపులో బయల్దేరి, పదకొండు గంటలకి శంఖాలరేవు వచ్చారు. తిరిగి నాలుగింటికి బయల్దేరి పట్నం వెళ్లి, సాయంత్రం వేలిముద్ర వేసి, రైల్లో ఇంటికి రావాలి.

"మరి పొద్దున్న ఇంటికాడే ఉండిపోతే సరిపోను కదండీ బాబూ?" అన్నాడు వరహాలశెట్టి.

"హాజరు వేయకుండా తనిఖీ చేస్తే ఆ తనిఖీ చెల్లదు శెట్టి గారూ," అన్నారాయన. "పంచనామాకి ఒక స్థానిక సాక్షి కావాలి. మీరు రండి."

వరహాలశెట్టి స్టాండు భార్య నూకరత్నానికి అప్పజెప్పి, ఇంటికి తాళం వేసి, ఆయన వెంట బయల్దేరాడు.

మొదటి వీధిలో పద్దెనిమిది ఇళ్లు, పద్దెనిమిది తాళాలు. రెండో వీధిలో ఒక అరుగు మీద ముసలాయన గురక పెడుతున్నాడు.

"ఈయన్ని రాసుకోండి బాబూ. ఎనభై ఏళ్లుగా ఈ అరుగు దిగలేదు."

"నిద్రలో ఉన్నారు. ఉత్తర్వులో మేల్కొని అని ఉంది."

"నేను లేపుతాను."

"అధికారి గాని సాక్షి గాని నిద్రాభంగం కలిగించరాదు. అనుబంధం రెండు."

రోజూ పట్నంలో చేపలమ్మే గంగులమ్మ రేవులో ఎదురైంది. ఆ వేళ ఒంట్లో బాగోక పట్నం పోలేదు. ఇంటి బయట కనబడింది గనుక రాయడం కుదరదంటే, పోనీ మొగుణ్నైనా రాయమంది. ఒడ్డుకి నాలుగు బారల దూరంలో పడవ మీదున్నాడతను.

"అదిగోండి బాబూ, అల్లడే నా మొగుడు. సెయ్యి ఊపుతన్నాడు, అగుపడతన్నాడు కదేటి?"

"సముద్రం మునిసిపల్ హద్దులోకి రాదమ్మా. చెయ్యి ఊపుట హాజరు కాదు."

"ఓలమ్మో! మా తాతల కాణ్ణించి ఇక్కడే బతుకుతన్నాం. సేపలోడు నీళ్ల మీద కాక మరెక్కడుంటాడు?"

"ఉండవచ్చు. నివసించుట వేరు," అని నీలాద్రిరావు గారు కాగితం తిప్పారు.

గవ్వల వీధి వచ్చింది. ఐదో మేడ దగ్గర ఆయన ఆగి, నిబంధన ప్రకారం మూడుసార్లు తలుపు తట్టారు. ఒక్కోసారి తట్టాక అర నిమిషం గడియారం చూశారు. తాళం కప్ప ఆయన ముక్కు ముందే వేలాడుతోంది. వరహాలశెట్టి ఉండబట్టలేకపోయాడు.

"బాబూ, ఇది తమరిల్లే కదండీ."

"శెట్టి గారూ," అన్నారాయన, కాస్త బాధగానే. "విధి నిర్వహణలో నాకు ఇల్లు లేదు." అని కాగితం మీద రాశారు: 'పిలిచినను పలుకలేదు. ఎవరూ నివసించుట లేదు.'

మూడున్నరకి లెక్క తేలింది. నలభై ఒక్కరు. వరహాలశెట్టి తనని కూడా కలుపుకుని నలభై రెండు అన్నాడు.

"మీ ఇంటికి తాళం ఉంది కదా?"

"తమరి వెంట నడుస్తన్నాను కదండీ!"

"అదే చెబుతున్నాను. సాక్షి తనకు తాను సాక్షి కాలేడు."

ఆ సాయంత్రం ఆరున్నర బండి దిగిన జనం స్టాండులోనే నిలబడిపోయారు. ఏడు రోజులు సెలవు పెట్టి ఇంట్లో కూర్చుందామా అని ఒకరు, కూర్చుంటే ఆఫీసువాళ్లు మళ్లీ ఉద్యోగానికి రానక్కర్లేదు, ఇంట్లోనే ఉండమంటారని ఇంకొకరు. ఉద్యోగం లేకపోతే రైలు ఎందుకు, రైలు లేకపోతే ఉద్యోగం ఎలా అని జనం రెండు ముక్కలయ్యారు. వరహాలశెట్టి టోకెన్లు తీసుకుని బళ్లిస్తూ అన్నీ విన్నాడు. అతనికి మాటలు పట్టవు, సరుకు పడుతుంది. ఎక్కడ ఎక్కువుంది, ఎక్కడ తక్కువుంది, మధ్య రవాణా ఏమిటి, అదీ అతని చూపు.

మర్నాడు తనిఖీ లేదు, ఆదివారం. పట్నం వెళ్లి పార్కుల్లో బల్లలన్నీ తిరిగొచ్చాడు. పగలు ఇంట్లో కూర్చుంటే కోడళ్లు విసుక్కునే రిటైరైన పెద్దలు, పరీక్షల ఫలితాల కోసం మూడేళ్లుగా ఎదురుచూస్తున్న కుర్రాళ్లు, ఇరుకు గదిలో ఉక్కకి తట్టుకోలేక చెట్టు కింద చేరినవాళ్లు. బల్ల ఖాళీ అయితే పరుగెత్తి పట్టుకుంటున్నారు.

"ఇసయం ఇదీ," అన్నాడు రాత్రి భోజనం దగ్గర నూకరత్నంతో. "పట్నంలో పగలు ఇంట్లో ఉండలేనోళ్లు వేలల్లో ఉన్నారు. మనూళ్లో పగలు ఉండడానికి ఇళ్లున్నాయి గాని మనుషుల్లేరు. పొద్దున్న నిండుగా ఎల్లిన పాసింజరే పదిన్నరకి కాళీగా తిరిగొస్తాది. ఇంకేటి కావాల?"

"ఊరోళ్లు తాళాలు ఇస్తారేటి?"

"రైలు ఆగదంటే ప్రాణాలే ఇస్తారు, తాళాలేటి!"

ఇచ్చారు. ఆరువందల నలభైమూడు టోకెన్ల పక్కన అన్ని తాళంచెవులు మేకులకెక్కాయి. పట్నం వాళ్లకి ఇచ్చేది సముద్రపు గాలి, ఫ్యాను, టీవీ, మధ్యాహ్నం భోజనం. పెట్టిన షరతు ఒక్కటే, నిద్రపోకూడదు. అందుకని పప్పూ నెయ్యీ పెట్టొద్దని, చారన్నంతో సరిపెట్టమని వరహాలశెట్టి ఇంటింటికీ చెప్పి వచ్చాడు.

సోమవారం ఏడుంపావు బండికి వెళ్లినవాళ్లు పట్నంలో బల్లల దగ్గర కబురు చెప్పారు, పదిన్నర బండి నిండుగా తిరిగొచ్చింది. పదకొండింటికి నీలాద్రిరావు గారు తట్టిన ప్రతి తలుపూ తెరుచుకుంది. ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. రాసుకుంటూ పోయారు. గవ్వల వీధిలో తన ఇంటి తలుపు తట్టారు. బనీనుతో ఒక పెద్దాయన తలుపు తీశాడు. పట్నంలో హెడ్ క్లర్కుగా రిటైరైన జోగారావు గారు. సువర్చల గారు తాళంచెవి ఇచ్చిన సంగతి భర్తకి చెప్పలేదు. చెబితే నిబంధన చూస్తానంటారని ఆవిడ భయం.

"ఎవరండీ తమరు?" అన్నాడు జోగారావు.

"ఆవాస నిర్ధారణ. ఈ ఇంట్లో మీరేనా ఉంటున్నది?"

"కనబడుతున్నాను కదా! రండి, కూర్చోండి. ఎండలో వచ్చారు, మంచినీళ్లు తాగండి."

తన సోఫాలో కూర్చుని, తన ఫ్రిజ్జులోని నీళ్లు తాగి, నీలాద్రిరావు గారు థాంక్స్ చెప్పారు. వరహాలశెట్టి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"బాబూ..." అని ఆయన బయటికొచ్చాక నీళ్లు నమిలాడు. "తమరికి కోపం..."

"కోపం దేనికి? పనిదినం, పనివేళ, మేల్కొని ఉన్నారు. పైగా మర్యాదస్తులు," అని రాశారాయన. 'నివాసి: ఎం. జోగారావు.'

ఏడో రోజుకి లెక్క వెయ్యిన్నూట ఇరవై ఆరు. శంఖాలరేవు జనావాసమని ప్రకటన వచ్చింది. రైలు ఉంటుంది. జనం వరహాలశెట్టికి స్టాండులోనే పూలదండ వేశారు. ఆ దండని నూకరత్నం మేకుకి తగిలించింది. రెండు రోజులకే అదీ, సంబరమూ వాడిపోయాయి.

ఎందుకంటే ప్రకటనతో పాటు నివాసుల జాబితా కూడా వచ్చింది. జాబితాలో ఉన్నవాళ్లకి నివాస కార్డులు. లేనివాళ్ల సంగతేమిటని సంస్థ ఆలోచించింది. ఒక జనావాసంలోకి రోజూ సాయంత్రం రెండు వేలమంది బయటివాళ్లు రైలు దిగి రావడం, జాబితాలోని ఇళ్లలో పడుకుని పొద్దున్నే మాయమవడం దాని దృష్టికి వచ్చింది. అందుకని ప్లాట్‌ఫారం మీద ఒక కౌంటరు పెట్టారు. 'సాయంకాల సందర్శకుల అనుమతి' అని బోర్డు.

మొదటి రోజు వరసలో గంగులమ్మ గంప దింపుకుని నిలబడింది.

"సందర్శన ఉద్దేశం?" అన్నాడు గుమాస్తా.

"ఏటీ?"

"ఊళ్లోకి ఎందుకెళ్తున్నావ్?"

"నా కొంపకి నానెందుకెల్తాను? గంజి కాయడానికి! కాసి నీకూ పొయ్యమంటావేటి?"

గుమాస్తా తలొంచుకుని 'వంట పని' అని రాశాడు.

ఆమె వెనకే నీలాద్రిరావు గారు ఉన్నారు. అధికారి అయినా వరసలోనే నిలబడ్డారు. ఉద్దేశం అడిగితే 'భార్యను చూచుటకు' అన్నారు. ఆయన వెనక నిలబడ్డ సువర్చల గారు 'భర్తను చూచుటకు' అంది. గుమాస్తా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

"ఇద్దరూ బయటే ఉన్నారు కదా సార్! ఇక్కడే చూసేసుకోవచ్చు. లోపల ఎవరున్నారు?"

"జోగారావు గారు నివాసి," అన్నారు నీలాద్రిరావు గారు, అబద్ధం ఆడలేక.

"అయితే ఆయన సంతకంతో ఆహ్వానం తీసుకురండి."

ఆ రోజు నుంచీ జోగారావు గారు నాలుగున్నర బండికి పట్నం వెళ్లేముందు ఒక ఆహ్వానం రాసి, సంతకం చేసి, వరహాలశెట్టి దగ్గర తాళంచెవితో పాటు వదిలి వెళ్లడం మొదలైంది. ప్రతి ఇంటికీ అంతే. వరహాలశెట్టి ఒక మేకుకి టోకెను, ఒక మేకుకి తాళంచెవి, ఒక మేకుకి ఆహ్వానం తగిలించేవాడు. మేకులు చాలక గోడ రెండో వైపు కూడా కొట్టించాడు.

నివాసులు అంతటితో ఆగలేదు. 'శంఖాలరేవు స్థిరనివాసుల సంక్షేమ సంఘం' పెట్టుకున్నారు. అధ్యక్షుడు జోగారావు గారు. మొదటి సమావేశం నీలాద్రిరావు గారి డాబా మీదే జరిగింది. రెండు తీర్మానాలు చేశారు. ఒకటి, సాయంత్రం వచ్చే బయటివాళ్లు సామాన్లు ఎక్కడివక్కడ పడేస్తున్నారు, దాన్ని అరికట్టాలి. రెండు, ఊరి నివాసులెవరూ పొద్దున్న పట్నం వెళ్లడం లేదు కనుక ఏడుంపావు పాసింజరు దండగ, దాన్ని రద్దు చేసి నివాసుల సౌకర్యార్థం పట్నం నుంచి పదింటికి ఎక్స్‌ప్రెస్ వెయ్యాలి.

సంస్థ రెండో తీర్మానాన్ని సహేతుకమని మెచ్చుకుంది. ఒకటో తేదీ నుంచి ఏడుంపావు బండి ఆగదని స్టేషను గోడ మీద మళ్లీ కాగితం పడింది.

వరహాలశెట్టి ఆ కాగితం ఒక్కసారే చదివాడు. ఊరు లేదంటే రైలు పోతుందన్నారు. ఊరుందని నిరూపిస్తే రైలు పోతోంది. ముప్పై ఏళ్లలో ఇలాంటి సరుకు అతని చేతికి రాలేదు, ఎటు తిప్పినా తరుగే.

"నువ్వు తెచ్చిన జనమే కదా," అంది నూకరత్నం. "ఎనక్కి పంపీ."

"కార్డులిచ్చేసేరు కదే. ఇప్పుడాళ్లు మనల్ని పంపీగలరు."

ఆ సాయంత్రమే ఇంకో ముచ్చట జరిగింది. నీలాద్రిరావు దంపతులు బండి దిగి వచ్చేసరికి మేకుకి ఆహ్వానం లేదు. చిన్న చీటీ ఉంది. 'ఈ వేళ వంకాయ కూరలో ఉప్పు ఎక్కువైనది. కావున ఆహ్వానించుటకు మనస్కరించలేదు. ఎం.జె.'

సువర్చల గారు స్టాండులో బల్ల మీద కూలబడింది. "మీ ఉత్తర్వుల వల్ల నా ఇంటి గడప నేను తొక్కలేకపోతున్నాను. ఏమైనా మాట్లాడండి!"

నీలాద్రిరావు గారు ఆ చీటీని రెండుసార్లు చదివి మడిచారు. చివరికి, "నిబంధనలో దారి ఉంటే నేను ఎప్పుడూ కాదనను," అన్నారు. ఆయన గొంతులో మొదటిసారి అధికారి లేడు.

వరహాలశెట్టి ఆయన కళ్ల ముందు నూట పద్నాలుగో స్కూటరు తుడుస్తున్నాడు. తుడుస్తూ తుడుస్తూ గుడ్డ ఆపాడు.

"బాబూ, ఒక మాట. పనిదినాల్లో, పనివేళల్లో, ఊరు కదలకుండా ఉన్నోళ్లే కదండీ నివాసులు?"

"అవును."

"ఇదిగోండి మరి, ఈ స్కూటరు. పొద్దున్న ఏడింటికొచ్చి సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాది. పట్నం మొకం సూడలేదు. నిద్రపోదు. జోగారావు గారైనా నాలుగున్నరకి ఎలిపోతారు గాని ఇది ఎల్లదు."

నీలాద్రిరావు గారు స్కూటరు వైపు చూశారు.

"దీనికి నంబరుంది. సర్కారోళ్లిచ్చిన కాయితంలో శంఖాలరేవు, గవ్వల ఈధి అని అడ్రసుంది. జోగారావు గారి కాయితాల్లో ఆ ముక్క ఉందేటండీ?"

ఆయన జేబులోంచి ఉత్తర్వు తీసి మొదటి నుంచి చివరి దాకా చదివారు. వెనక్కి తిప్పి అనుబంధాలు చదివారు. "వ్యక్తి అని ఉంది," అన్నారు నెమ్మదిగా. "మనిషి అని ఎక్కడా లేదు. అనుబంధంలోనూ నమోదు కలిగిన వ్యక్తి అనే ఉంది." ఆ కళ్లలో వెలుగు చూసి వరహాలశెట్టికే కొంచెం భయం వేసింది.

మర్నాడు స్టాండులో తనిఖీ జరిగింది. ఆరువందల నలభై మూడు వాహనాల పేర్లు, రంగులు, సొట్టలతో సహా నమోదయ్యాయి. సైకిళ్లకి మునిసిపల్ లైసెన్సు బిళ్లే చిరునామా అయింది. వారం తిరక్కుండా సవరణ ఉత్తర్వు వచ్చింది. దాని భాష నీలాద్రిరావు గారిదే.

"చిరునామా కలిగి, పనివేళలయందు ఊరు విడువని వాహనములు స్థిరనివాసులుగా గుర్తించబడినవి. చిరునామా లేని పగటి నివాసుల కార్డులు రద్దు. వాహనములు తమంతట తాము ఇల్లు చేరలేవు గనుక ఒక్కొక్క వాహనమునకు కుటుంబ సమేతముగా సహాయకులను నియమించుకొనవచ్చును. నడిచి వచ్చువారిని సమీప వాహనమునకు జతపరచవలెను. సహాయకులు నివాసులు కారు గనుక పగటిపూట ఊళ్లో ఉండరాదు. వారిని ఉదయమే ఊరి నుండి తరలించుటకు ఏడుంపావు పాసింజరు అత్యవసరము."

ఒకటో తేదీన బండి ఆగింది. రెండు వేలమంది సహాయకులు ఎక్కారు. గంగులమ్మ తనకి ఎవరిదో ఎర్ర సైకిలు జతపడిందని, దాని మొకం తన మొగుడి మొకం కన్నా నయమని చెప్పుకుంటూ గంప ఎక్కించింది. జోగారావు గారు పట్నంలో మళ్లీ బల్ల కోసం పరుగెడుతున్నారని తెలిసింది. సువర్చల గారు తన ఇంట్లో, తన స్కూటరు తరఫున, కూరలో ఉప్పు తనకి నచ్చినంత వేసుకుంది.

అంతా తేలిందనుకుని వరహాలశెట్టి ఆ పూట నడుం వాల్చబోతుంటే నీలాద్రిరావు గారు ఒక నోటీసు పట్టుకొచ్చారు. ఇవ్వలేక ఇచ్చారు.

అతనికీ భార్యకీ ఊరు విడిచి వెళ్లమని. జాబితాలో వాళ్ల పేర్లు లేవు. పగలు ఇంట్లో కనబడరు, స్టాండులో కనబడతారు. స్టాండు నివాసం కాదు. వాహనం లేదు, ఇల్లు స్టాండుకి నాలుగడుగులే గనుక ఎప్పుడూ అవసరపడలేదు. పగటిపూట ఊళ్లో ఉన్నారు కనుక ఏ వాహనానికీ సహాయకులుగా జతపరచడానికి వీల్లేదు.

"ముప్పై ఏళ్లలో ఒక్క రాత్రి బయట పడుకోలేదండీ నాను," అన్నాడు వరహాలశెట్టి. నోటీసు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నాకు తెలుసు శెట్టి గారూ. కానీ నాకు తెలిసినది నిబంధన కాదు."

ఆయన వెళ్లాక వరహాలశెట్టి స్టాండు వెనక రెల్లుగడ్డిలో చెయ్యి పెట్టి వెతికాడు. ఎవడో ఏనాడో వదిలేసిన సైకిలొకటి ఉప్పుగాలికి తుప్పు పట్టి అక్కడ పడి ఉంది. చైను లేదు, సీటు లేదు, వెనక చక్రం లేదు. ముందు మడ్‌గార్డు మీద పాత మునిసిపల్ లైసెన్సు బిళ్ల మాత్రం అతుక్కుని ఉంది, శంఖాలరేవు అన్న అక్షరాలు చేతికి తగులుతున్నాయి. నూకరత్నం ఒక పక్కా తను ఒక పక్కా పట్టి దాన్ని వరసలో నిలబెట్టారు. నిలబడకపోతే ఇటుక ఆనించారు. టోకెన్ల మేకుల వరసలో చివరి దానికి ఆరువందల నలభై నాలుగు అని కొత్త రేకు కొట్టించి, దాని జోడు తన మొలతాడుకి కట్టుకున్నాడు. తన స్టాండులో తను టోకెను తీసుకోవడం అదే మొదలు.

మర్నాడు పదకొండింటికి నీలాద్రిరావు గారు వచ్చి ఆ సైకిలు చుట్టూ ఒకసారి తిరిగారు. వంగి బిళ్ల చదివారు. పాతదైనా రద్దయినట్టు ఎక్కడా లేదు. ఇటుక కూడా చూశారు.

"ఇది నడుస్తుందా?"

"నడిస్తే ఏనాడో పట్నం ఎలిపోను కదండీ," అన్నాడు వరహాలశెట్టి. "ఇది పగలూ ఎల్లదు, రాత్రీ ఎల్లదు. పండక్కీ ఎల్లదు. దీన్ని ఇంటికి తీసుకెల్లక్కర్లేదు గాని కాపలాకి పగలూ రాత్రీ ఇద్దరు మనుషులు ఇక్కడే ఉండాల. ఇంటికి తీసుకెల్లేవోళ్లు సహాయకులు గాని కాపలావోళ్లు కారు కదండీ."

నీలాద్రిరావు గారు పెన్ను తీశారు. రాయబోయి, ఆ సైకిలు వైపు చాలా గౌరవంగా చూశారు. ఇన్నాళ్ల తనిఖీలో, నిబంధనలోని ప్రతి అక్షరానికీ ఒదిగిన నివాసి ఆయనకి ఇప్పటికి దొరికింది. జాబితా పైన, అందరికంటే ముందు, మొదటి గడిలో దాని నంబరు, పక్కనే 'కాపలా: ఇద్దరు' అని రాశారు.

తర్వాత టోపీ తీసి, సాక్షి సంతకం కోసం కాగితం వరహాలశెట్టి ముందు పెట్టారు. శెట్టి సంతకం చేసి, వెళ్లి, ఆ ఇటుకని కొంచెం గట్టిగా ఆనించి వచ్చాడు.